గోల తగ్గిస్తేనే వినపడుతుంది

ఈ నెల గోడపత్రికలో నేను ఒక అల్యూమినియం దిమ్మె గురించి రాస్తున్నాను. అది ఆకాశంలోని అలల కోసం చేసిన దిమ్మె.

రెండు కృష్ణబిలాలు కలిసిపోతే చెరువులో రాయి వేసినట్టు అలలు పుడతాయి. వాటిని గురుత్వ తరంగాలు అంటారు. అవి ఉంటాయని ఐన్‌స్టీన్ 1916లో చెప్పారు. వాటిని పట్టాలని అమెరికాలో జోసెఫ్ వెబర్ గారు 1960లలో టన్నుకు పైగా బరువున్న గుండ్రటి దిమ్మెను తీగతో వేలాడదీశారు. బడిగంటకు ఒక స్వరం ఉన్నట్టే దిమ్మెకూ ఉంటుంది. అదే స్వరంలో అల వస్తే దిమ్మె మోగాలి. కానీ ఆ కదలిక పరమాణు కేంద్రకం కన్నా చిన్నది! 1969లో ఆయన అల దొరికిందన్నారు. మిగతావాళ్ళు అలాంటి దిమ్మెలే చేసి చూస్తే ఏమీ దొరకలేదు.

మరి ఏం చెయ్యాలి? మా ఊళ్ళో డప్పును మంటకు కాస్తేనే ఖంగుమంటాది. ఈ దిమ్మెను మాత్రం చల్లబరచాలంట! వేడి ఉంటే దాని లోపలి అణువులే అల్లరి చేస్తాయి. ఆ గోలలో అల వినపడదు. అందుకే 1990లలో ఇటలీలో నాటిలస్ అనే దిమ్మెను దాదాపు సున్నా కింద 273 డిగ్రీల దాకా చల్లబరిచారు. దిమ్మె చివర అదే స్వరం గల చిన్న పలక బిగించారు. దిమ్మె కొంచెం కదిలితే తేలికైన పలక ఎక్కువ ఊగుతుంది. లారీ పోయినా దిమ్మె కదలొచ్చు కాబట్టి ఒక్కదాని మాట నమ్మరు. దూరంగా ఉన్న ఇంకొకటి కూడా అప్పుడే కదలాలి.

చివరికి 2015లో అలను పట్టింది దిమ్మెలు కాదు, లేజర్ కాంతితో పనిచేసే లైగో. వెబర్ గారు 2000లోనే చనిపోయారు. అయినా ఈ వెతుకులాట మొదలుపెట్టింది ఆయనే. లైగోలో కూడా సగం పని గోల తగ్గించడమే.

మా ఇంట్లో బడికొచ్చినదాన్ని నేనే మొదలు. మూడో తరగతిలో నాకు తెలుగు సరిగా రాదు. మెల్లగా చెప్పేదాన్ని. "గట్టిగా చెప్పు!" అని అందరూ అరిస్తే ఉన్న నోరు కూడా పడిపోయేది. ఇప్పుడు కొత్తగా వచ్చిన చిన్నపిల్లలను మనమూ అలాగే అంటున్నాం. అల తన గొంతు పెంచలేదు. వినేవాళ్ళే తమ గోల తగ్గించుకున్నారు.

అందుకని స్టడీ అవర్‌లో చిన్నపిల్లలు పాఠం అప్పజెప్పేటప్పుడు పెద్ద తరగతుల వాళ్ళం ఐదు నిమిషాలు నోరు మూసుకుందాం. వార్డెన్ మేడం గారు దీనికి ఒప్పుకోవాలని కోరుతున్నాను.

— 9వ తరగతి విద్యార్థిని