గుర్తుంచుకొను గడువు

తెలుగు పండితునికి సర్వర్లతో ఏమి పని అని మీరు నవ్వుకొనవచ్చును. మా పూర్వవిద్యార్థులు అద్దెకు తీసుకొన్న పాత సర్వరు ఒకటుండెడిది. పిల్లల పద్యములు, పాత ఛాయాచిత్రములు అందు భద్రపరచినారు. పదవీ విరమణ చేసినవాడను గనుక దాని ఆలనాపాలనా నాకు అప్పగించినారు.

పల్లెలనుండి చూచువారికి పుటలు ఆలస్యముగా తెరుచుకొనుచున్నవని ఫిర్యాదు వచ్చినది. వెదకగా కారణము తెలిసినది. భద్రమైన సంధానములో బ్రౌజరు, సర్వరు మొదట పరిచయము చేసుకొని, ఒక రహస్యపు తాళపుచెవిని కుదుర్చుకొనవలెను. టీఎల్ఎస్ 1.2 పద్ధతిలో ఇందుకు సందేశములు 2 మార్లు పోయి రావలెను. సర్వరు ఆ చెవిని జ్ఞాపకముంచుకొన్నచో మరుసటిసారి 1 మారు చాలును. లెక్కల భారమూ తగ్గును. (2018లో వచ్చిన 1.3 పద్ధతిలో తొలి పరిచయమే 1 మారుతో ముగియును. మాది అంతకు పూర్వపుది.)

మా అపాచీ సర్వరులో ‘ఎస్ఎస్ఎల్ సెషన్ క్యాష్’ అను అమరిక ‘నన్’ అని ఉన్నది. అనగా ఉమ్మడి జ్ఞాపకము లేదు. సందర్శకుని చేతికే గుర్తింపు చీటీ, అనగా టికెట్టు, ఇచ్చు మరొక పద్ధతిని ఎవరో ముందే ఆపియుంచినారు. ఒకే పుటలోని బొమ్మలను వేర్వేరు ప్రాసెస్‌లు అందించును. ఒకదానికి పరిచితుడైనవాడు మరొకదానికి అపరిచితుడే!

ఇది చదువగానే నాకొక పిల్లవాడు జ్ఞప్తికి వచ్చినాడు. తండ్రి లేడు, ఫీజు రాయితీ ఉన్నది. అయినను ప్రతి ఉపాధ్యాయుడూ ‘ఏమిరా, ఫీజు కట్టలేదేమి?’ అని అడుగుట, వాడు లేచి నలుగురి ఎదుట తండ్రి మరణమును చెప్పుకొనుట. అడిగినవారిలో నేనూ ఉన్నాను. ఆఫీసు గదిలో ఉమ్మడి పట్టిక ఒకటున్నచో ఆ పసివానికి అంత అవమానము ఉండెడిది కాదు.

వెంటనే ‘ఎస్‌హెచ్‌ఎంసీబీ’ అను ఉమ్మడి పట్టికను 512000 బైట్లతో అమర్చినాను. అంతటితో ఆగక, గడువును 300 సెకండ్లనుండి 86400కు, అనగా ఒక పూర్తి దినమునకు పెంచినాను. ఎవ్వరినీ మరల అడుగరాదని నా ఆరాటము.

సర్వర్ల పనిలోనే ఉన్న పూర్వవిద్యార్థి ఒకడు అది చూచి ఫోను చేసినాడు. “మాస్టారూ, గుర్తుంచుకోవడం మంచిదేనండీ. కానీ ఆ చెవులు మన దగ్గర ఉన్నంతసేపూ దొంగకి కూడా పనికొస్తాయి. ఎవడైనా మన సంభాషణల్ని దారిలో పట్టి దాచుకుని, తర్వాత సర్వర్లో దూరి చెవి ఎత్తుకుపోతే అన్నీ చదివేస్తాడండీ” అన్నాడు.

శిష్యుని మాట శిరసావహించి మరల 300 చేసినాను. ఒక పుటనుండి మరొక పుటకు పోవువానికి ఆ 5 నిమిషములు చాలును. పుటలు మునుపటికన్న త్వరగా తెరుచుకొన్నవి.

సర్వరులో రెండు పంక్తులు దిద్దుటకు నాకొక సాయంకాలము పట్టినది. పాఠశాలలో ఆ పట్టిక పెట్టించుటకు ఒక తెల్లకాగితము చాలియుండెడిది. అన్నేండ్ల ఉద్యోగములో నాకా ఆలోచన రాలేదు. ఆ పిల్లవాడిప్పుడు ఎక్కడ ఉన్నాడో!