గుజరాత్ కోటాలో హైదరాబాద్ వకీలు

పెర్త్‌లో సెనేట్ బ్యాలెట్ పూర్తిగా విప్పితే ఓటేసే బల్ల చాలదు. ఓటెయ్యకపోతే 20 డాలర్ల జరిమానా, అందుకని గొణుక్కుంటూనైనా అందరం క్యూ కడతాం. మా పశ్చిమ ఆస్ట్రేలియాకు 12 మంది సెనేటర్లు. జనం బాగా తక్కువున్న టాస్మేనియాకూ అంతే మంది. మా పన్నెండు మందిలో ఒకరు వరుణ్ ఘోష్, భారత మూలాలున్న బారిస్టర్. 2024 ఫిబ్రవరిలో ఆయన భగవద్గీత మీద ప్రమాణం చేసిన రోజు ఇక్కడి మా వాట్సాప్ గ్రూపు ఊగిపోయింది. అప్పటికి ఆయన జనం ఓట్లతో రాలేదనీ, పాట్రిక్ డాడ్సన్ తప్పుకున్న సీటులో రాష్ట్ర పార్లమెంటు కూర్చోబెట్టిందనీ ఎవరికీ పట్టలేదు.

ఈ ముచ్చట నాచారంలో ఉన్న మా మేనమామకు చెప్పాను. ఎల్బీనగర్ కోర్టుకు తిరిగి తిరిగి నల్లకోటు మోచేతుల దగ్గర తెల్లబడ్డ మనిషి. "గిదేం కొత్తరా అల్లుడా! మా శివశంకర్‌ను యాది చేస్కో" అన్నాడు.

పి.శివశంకర్. 1929లో హైదరాబాద్ పక్కన మామిడిపల్లిలో పుట్టారు. మా హబ్సిగూడ దాటగానే వచ్చే ఉస్మానియాలో లా చదివారు. వకాలతుతో పేరు తెచ్చుకుని 1974లో హైకోర్టు జడ్జి అయ్యారు. ఏడాది తిరిగేసరికి ఆ కుర్చీ దిగేశారు. 1979లోనూ 1980లోనూ సికింద్రాబాద్ నుంచి లోక్‌సభకు గెలిచి ఇందిరా గాంధీ ప్రభుత్వంలో న్యాయశాఖ మంత్రి అయ్యారు. 1981 మార్చిలో ఆయన రాసిన ఒక లేఖ దేశంలోని నల్లకోట్లన్నిటినీ రేపింది. అదనపు జడ్జీలు వేరే రాష్ట్రం హైకోర్టుకు వెళ్లడానికి సమ్మతి రాసిమ్మని దాని సారాంశం. అందులోంచి పుట్టిన ఎస్పీ గుప్తా కేసులో జడ్జీల నియామకంలో చివరి మాట ప్రభుత్వానిదేనని సుప్రీంకోర్టు తేల్చింది. అది తిరగబడటానికి 1993 దాకా పట్టింది.

1984లో తెలుగుదేశం గాలికి రాష్ట్రంలో కాంగ్రెస్ కొట్టుకుపోయింది. మరుసటేడు శివశంకర్ రాజ్యసభలో తేలారు, అదీ గుజరాత్ నుంచి! 1993 దాకా అక్కడే. సభానాయకుడిగా ఉన్నారు, ప్రభుత్వం మారాక ప్రతిపక్ష నేతగానూ ఉన్నారు. నాకు మాత్రం ఈ పదవులకన్నా 1987 నవంబర్ 28 ముఖ్యం. ఆ రోజు హైదరాబాద్‌లో వకీళ్ల సభలో, కేంద్ర న్యాయమంత్రిగా ఉండి, సుప్రీంకోర్టు మీదే విరుచుకుపడ్డారు. అది ఉన్నవాళ్ల కొమ్ము కాస్తోందన్నారు. జమీందార్ల భూములకూ బ్యాంకుల యజమానులకూ దొరికిన ఊరట పేదవాడికి దొరకలేదన్నారు. విదేశీ మారక ద్రవ్యం ఎగ్గొట్టేవాళ్లకూ కోడళ్లను కాల్చేవాళ్లకూ ఆ కోర్టు ఆశ్రయమైందన్నారు. చెప్పింది వీధి నాయకుడు కాదు, మాజీ జడ్జి. పి.ఎన్.దూడా అనే వకీలు కోర్టు ధిక్కారం కింద కేసు వేశారు. 1988 ఏప్రిల్‌లో జస్టిస్ సవ్యసాచి ముఖర్జీ ధర్మాసనం, కొన్ని మాటలు అనకుండా ఉండాల్సిందంటూనే, ఇది ధిక్కారం కాదు పొమ్మంది. ఇప్పటికీ ధిక్కారం కేసుల్లో వకీళ్లు ఆ తీర్పు చూపిస్తారు. మామ అయితే తను వాదించి గెలిచినట్టే చెబుతాడు.

కానీ రాజ్యసభలో ఉన్న ఆ ఎనిమిదేళ్లలో ఆయన్ను గుజరాత్ జనం ఎప్పుడైనా మావాడు అనుకున్నారా? నాకు నమ్మకం లేదు. ఆ రోజుల్లో కనీసం ఆ రాష్ట్రంలో ఓటరుగా నమోదు కావాలన్న నిబంధన ఉండేది. 2003లో అదీ తీసేశారు. జోధ్‌పూర్‌లో పుట్టిన అభిషేక్ మను సింఘ్వీ, కేశవరావు ఖాళీ చేసిన సీటులో, 2024 ఆగస్టులో పోటీ లేకుండా తెలంగాణ ఎంపీ అయ్యారు. ఆయన పెద్ద వకీలే, కాదనను. తెలంగాణకు ఉన్నవే 7 సీట్లు. వాటికి ఓటేసేది ఎమ్మెల్యేలు. అందులో మా నాచారం వాటా ఉప్పల్ ఎమ్మెల్యే ఓటు ఒక్కటే.

నాచారంలో కార్పొరేటర్ ఇల్లు ఏ గల్లీలో ఉందో చిన్నపిల్లలు కూడా చెబుతారు. రాజ్యసభ సభ్యుల పేర్లు అడిగితే పెద్దవాళ్లే తడుముకుంటారు. అట్లని ఢిల్లీలో అడగాల్సినవి లేక కాదు. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా వరంగల్ రోడ్డు మీద 2018లో మొదలైన ఎలివేటెడ్ కారిడార్ ఏళ్ల తరబడి పిల్లర్లుగానే నిలబడిపోయింది. అది జాతీయ రహదారి. మామ దాని మీద ఇంగ్లిషులో రెండు పేజీల అర్జీ తయారుచేశాడు. ఏడుగురిలో ఎవరికి పంపాలో నన్నే చూసి చెప్పమన్నాడు, పెర్త్ నుంచి.