వెనక సీటు చెప్పే రివ్యూ

మీ ఫ్రెండ్స్‌లో ఎవరికైనా థార్ ఉందా? ఉంటే అతని ముందు "రైడ్ కొంచెం గట్టిగా ఉంటుందట కదా" అని ఒక్క మాట అని చూడండి. వాళ్ల అమ్మ వండిన పప్పులో ఉప్పు తక్కువైందన్నా అంత కోపం రాదు. "నువ్వు నడిపావా?" అనేది మొదటి ప్రశ్న. "ఇది కారు కాదురా, ఎమోషన్" అనేది రెండో మాట. మీరు ఇంకా తగ్గకపోతే "అందని ద్రాక్ష పుల్లన" అనేస్తారు. అక్కడితో మాటలు బంద్.

థార్ ఒక్కటే కాదు. బొలెరో, జిమ్నీ, గూర్ఖా... ఏ మొండి బండి ఓనర్‌ని కదిలించినా ఇదే వరస. ఏసీ షోరూమ్ పక్కన రెండు గంటలు నడిపి రివ్యూ చెప్పేవాళ్లకు అడవి దారి సంగతి ఏం తెలుసు అంటారు. ఆ మాటలో ఎంత నిజం ఉందో అడవి దారి మీదే చూద్దామనిపించింది. మొన్న మిర్చి కోతల సీజన్‌లో ఖమ్మం నుంచి భద్రాచలం మీదుగా చర్ల దాకా వెళ్లొచ్చాను.

బండి మా బావది. ఆఫ్‌రోడ్ బండే. ఏ కంపెనీదో మాత్రం చెప్పను. చెబితే బావ నాతో మాట్లాడడం మానేస్తాడు. ముందు సీట్లో బావ, పక్కన మా అక్క. నాకు వెనక సీటు దక్కింది.

నున్నటి రోడ్డు మీద ఎవరిది రైట్?

ఖమ్మం నుంచి కొత్తగూడెం మీదుగా భద్రాచలం సుమారు 120 కిలోమీటర్లు. తారు రోడ్డు. రివ్యూలు రాసేవాళ్లు ఎక్కువగా నడిపేది ఇలాంటి రోడ్డు మీదే. ఇక్కడ వాళ్లు చెప్పేదే కరెక్ట్ అని పది నిమిషాల్లో అర్థమవుతుంది. పాల్వంచ దాటాక జామాయిల్ కర్రల లారీలు సారపాక పేపర్ మిల్లు వైపు బారులు తీరి వెళ్తుంటాయి. వాటిని ఓవర్‌టేక్ చేసిన ప్రతిసారీ ఎత్తైన బండి కాస్త పక్కకు ఒరుగుతుంది. చిన్న గతుకు వచ్చినా వెనక ఉన్నవాడి నడుముకు ముందు తెలుస్తుంది.

దీనికి కారణం కంపెనీ నిర్లక్ష్యం కాదు. ఇలాంటి బండ్లకు కింద నిచ్చెన ఆకారంలో ఇనుప ఫ్రేమ్ ఉంటుంది. దాని మీద బాడీ కూర్చుంటుంది. చాలా బండ్లలో వెనక రెండు చక్రాలను ఒకే గట్టి ఇరుసు కలుపుతుంది. ఒక చక్రం గుంటలో దిగితే ఆ కుదుపు రెండో చక్రానికీ పోతుంది. అందుకే హైవే మీద ఊగుడు. అదే ఇరుసు రాళ్ల దారిలో మాత్రం వరమవుతుంది. ఒక చక్రం రాయి మీదకు లేస్తే రెండోది నేలను గట్టిగా నొక్కి పట్టుకుంటుంది. అంటే రివ్యూ రాసేవాడు తప్పు పట్టేదీ, ఓనర్ మెచ్చుకునేదీ ఒక్కటే. మారేది రోడ్డు.

ఈ మాట బావతో అన్నాను. "అదే నేను చెప్పేది. కాకి పిల్ల కాకికి ముద్దు అంటారుగా, నా కాకి అడవిలో కోయిల" అన్నాడు. అక్క మాత్రం "ముందు కూర్చున్నాం కాబట్టి కోయిల" అని నవ్వింది.

తిట్లు పనికొచ్చాయి

ఓనర్లు ఒప్పుకోరు కానీ, రివ్యూల్లో వచ్చిన తిట్ల వల్ల బండ్లు బాగుపడ్డాయి. దీనికి థార్ కథే సాక్ష్యం.

2010లో మొదటి థార్ వచ్చింది. 2020 అక్టోబర్ 2న కొత్త థార్ విడుదలైంది. జనం నెలల తరబడి ఎదురుచూసి మరీ కొన్నారు. కానీ రివ్యూల్లో ఫిర్యాదులు ఆగలేదు. తలుపులు తక్కువ, వెనక్కి ఎక్కాలంటే ముందు సీటు మడవాలి, వెనక సీట్లు వేసుంటే సామాను పెట్టే చోటు ఉండదు, వెనక కూర్చున్నవాళ్లకు ఏసీ గాలి రాదు, కిటికీ స్విచ్‌లు తలుపు మీద కాకుండా మధ్యలో ఉన్నాయి... ఇలా. "థార్ అంటేనే అలా ఉండాలి, ఫ్యామిలీ కారు కావాలంటే వేరేది కొనుక్కోండి" అని అభిమానులు మండిపడ్డారు.

తర్వాత ఏం జరిగింది? 2024 ఆగస్టు 15న మహీంద్రానే 5 తలుపుల థార్ రాక్స్ తెచ్చింది. దాని లోపల తెల్ల సీట్లు చూసి "మన దుమ్ములో ఇవి ఎన్నాళ్లు తెల్లగా ఉంటాయి?" అని మళ్లీ విమర్శలు. కొన్ని వారాల్లోనే ఫోర్ బై ఫోర్ మోడళ్లకు ముదురు గోధుమ రంగు లోపలి భాగం ఆప్షన్‌గా వచ్చింది. 2025 అక్టోబర్‌లో పాత మూడు తలుపుల థార్‌ని మార్చినప్పుడు కిటికీ స్విచ్‌లు తలుపుల మీదకు వెళ్లాయి. వెనక ఏసీ గాలి కూడా వచ్చింది.

అభిమానులు ఎమోషన్ పేరుతో కాపాడుకొచ్చిన చాలా విషయాలను చివరికి కంపెనీనే మార్చింది. తిట్టినవాళ్లు బండికి శత్రువులు కాదన్నమాట. తర్వాత కొనేవాడికి వాళ్లు చేసిన మేలు అది.

భద్రత సంగతీ అంతే. "మా బండి రేకు మందం, ఏనుగు గుద్దినా ఏం కాదు" అనే మాట మీరూ వినే ఉంటారు. రేకు మందం ఎంతైనా, గుద్దుకున్నప్పుడు లోపల మనిషి కూర్చునే గూడు నలగకుండా ఉండాలి. గ్లోబల్ ఎన్‌క్యాప్ గంటకు 64 కిలోమీటర్ల వేగంతో గుద్దించి చూసేది ఇదే. 2020లో థార్‌కి 4 స్టార్లు వచ్చాయి. చూడ్డానికి దిట్టంగా ఉండే బొలెరో నియోకి 2024లో 1 స్టార్ వచ్చింది. థార్ రాక్స్‌కి అదే ఏడాది భారత్ ఎన్‌క్యాప్‌లో 5 వచ్చాయి. మూడూ ఒకే కంపెనీవి, మూడూ మొండిగానే కనిపిస్తాయి. చూపులకు గట్టిగా ఉండడం వేరు, గుద్దుకున్నప్పుడు కాపాడడం వేరు.

గోదావరి దాటాక

సారపాక దగ్గర వంతెన ఎక్కితే అవతల భద్రాచలం. పాత వంతెన 1965 నాటిది. గోదావరి పెరిగితే ఇక్కడ 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది ఇస్తారు. 2022 జులైలో నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. 1986లో అయితే ఏకంగా 75.6. ఎండాకాలం ముందు ఇసుక తిన్నెల మధ్య సన్నగా పారే నదిని చూస్తే ఆ అంకెలు నమ్మబుద్ధి కాదు.

అక్కడి నుంచి దుమ్ముగూడెం మీదుగా చర్ల 60 కిలోమీటర్ల లోపే. మెయిన్ రోడ్డు బాగానే ఉంది. పక్కకు తిరిగి ఛత్తీస్‌గఢ్ సరిహద్దు గూడేల వైపు వెళ్తే తారు పోయి మట్టి వస్తుంది, మట్టి పోయి రాళ్లు వస్తాయి. కోతల సీజన్ కదా, అవతలి నుంచి మిర్చి ఏరడానికి వచ్చే కూలీలతో ప్రతి బండీ కిక్కిరిసి ఉంది. లోపల చోటు లేనివాళ్లు వెనక నిచ్చెన పట్టుకుని నిలబడ్డారు. అక్కడ ఏ బండికి ఎన్ని స్టార్లో ఎవరికీ అవసరం లేదు. ఇవాళ బండి వస్తుందా రాదా అన్నదే లెక్క.

చర్ల సెంటర్‌లో టీ తాగుతూ ఒక సర్వీసు జీపు డ్రైవర్ అన్నతో మాట కలిపాను. ఇరవై ఏళ్లకు పైగా ఇవే దారులు. "మీ బండి గురించి ఎవరైనా తప్పుగా రాస్తే కోపం వస్తదా అన్నా?" అని అడిగాను. ఆయన వింతగా చూశాడు.

"కోపమెందుకు తమ్ముడూ? రోజూ నేనే తిడతా దాన్ని. ఎక్కుడులో ఆగిపోతే తిడతా, టైరు పంచరైతే తిడతా. మీరు ఆదివారం నడిపేటోళ్లు, మీకు ముద్దు. నాకు అది ఎద్దు లెక్క. ఎద్దుకి కాలు నొప్పంటే విని చూసుకుంటాం గానీ, చెప్పినోడితో కొట్లాడతామా?"

బావ కిక్కురుమనలేదు.

బండితో బతికేవాడికి లోపం అంటే రేపు రిపేర్ చేయాల్సిన పని. బండిని కోరిక కొద్దీ కొన్నవాడికి లోపం అంటే తను డబ్బు పెట్టి చేసిన ఎంపిక మీద పడ్డ మచ్చ. ఇంకా ఈఎంఐలు కడుతూ ఉంటే ఆ మచ్చ మరీ పెద్దగా కనిపిస్తుంది. రివ్యూ బండి గురించి ఉంటుంది, కోపం మాత్రం మన గురించి.

650 మిల్లీమీటర్లు

అక్కడే ఇంకో విషయం తెలిసింది. ఇది ప్రాణాల సంగతి కాబట్టి కాస్త శ్రద్ధగా చదవండి.

చర్ల దాటాక ఒక వాగు. మోకాలి లోపే నీళ్లు, అడుగున గులకరాళ్లు. బావ లో గేర్ వేసి మెల్లగా దాటించాడు. లో గేర్‌లో చక్రాలు నిదానంగా తిరుగుతాయి, లాగే బలం మాత్రం పెరుగుతుంది. అందుకే రాళ్ల మీద జారకుండా ఎక్కేసింది. బావ ముఖం వెలిగిపోయింది. "థార్ అయితే 650 మిల్లీమీటర్ల నీళ్లలోనైనా పోతుందని కంపెనీనే చెప్పింది. మనదీ ఏం తక్కువ కాదు. వానాకాలం మళ్లీ వద్దాం, అప్పుడు చూడు" అన్నాడు.

650 మిల్లీమీటర్లంటే రెండు అడుగుల పైచిలుకు. ఆ అంకె అబద్ధం కాదు. అయితే అది నీటి లోతు గురించి చెబుతుంది, పారే నీటి తోపుడు గురించి కాదు. జోరుగా పారే నీళ్లు రెండు అడుగులుంటే చాలా వాహనాలను పక్కకు తోసేయగలవు. బండి ఎంత పెద్దదైతే నీళ్లకు అంత వెడల్పు గోడ దొరికినట్టే. పైగా వాన పడ్డ వాగులో నిన్నటి రాళ్లు ఇవాళ అక్కడ ఉండవు. బురద నీళ్లలో అడుగు కనపడదు.

దారిలో ఒక ఆశా కార్యకర్త అక్క లిఫ్ట్ అడిగి వెనక నా పక్కన కూర్చుంది. ఆమె వింటూనే ఉంది. "వాన టైమ్‌లో మా వాగు మీదకి బండి తేవొద్దు సారూ" అంది మెల్లగా. "నెలలు నిండినోళ్లని ముందే తీసుకొచ్చి ఇవతల ఉంచుతాం. వాగు పొంగినంక ఏ బండైనా ఒకటే."

ఇంకేం బావుంటే మీకు మంచిది అక్కా అని అడిగాను. బండి గురించి ఏదో చెబుతుందనుకున్నా.

"ముందు కూర్చునేటోళ్లు బండి గురించి మాట్లాడతరు. వెనక కూర్చునేటోళ్లం మేం దారి గురించే మాట్లాడతం. కల్వర్టు వేస్తే ఆటో కూడా వస్తది గదా."

ఎన్నో వీడియోలు చూశాను, ఇంత సూటి రివ్యూ ఎక్కడా వినలేదు. మొండి బండి మీద మనకున్న మోజులో సగం మన దారుల లోటు నుంచే పుట్టింది. కల్వర్టు లేని చోట ఫోర్ బై ఫోర్ హీరో అవుతుంది. హీరోని మెచ్చుకుంటూ మెచ్చుకుంటూ కల్వర్టు అడగడం మర్చిపోతాం.

మీరు కొనబోతుంటే

ఈ దారుల్లో తిరగాలని బండి కొనేవాళ్లకు నా తరఫున మూడు మాటలు. రివ్యూ చదివేటప్పుడు అది ఏ రోడ్డు మీద రాసిందో చూడండి, మీ రోడ్డు అదేనా కాదా అని పోల్చుకోండి. టెస్ట్ డ్రైవ్‌కి వెళ్తే స్టీరింగ్ పట్టుకున్నంతసేపు వెనక సీట్లో కూడా కూర్చోండి, వీలైతే మీ అమ్మని కూర్చోబెట్టండి. ఇక ఎన్ని స్టార్ల బండైనా వెనకవాళ్లు కూడా బెల్ట్ పెట్టుకుంటేనే ఆ స్టార్లు పనిచేస్తాయి.

ఇప్పటికే కొన్నవాళ్లకు ఒక్కటే మాట. ఎవరైనా మీ బండిని తప్పు పడితే వెంటనే ఎగరొద్దు. వాళ్లు చెప్పింది నిజమైతే చూసుకుందాం, కాకపోతే నవ్వేద్దాం. చర్ల డ్రైవర్ అన్న చెప్పినట్టు, ఎద్దుకి కాలు నొప్పన్నవాడు మన శత్రువు కాదు కదా.