అద్దెయిండ్ల చిత్రములు

పూర్వము అద్దెయిల్లు కావలసినవారు వీధివీధియు తిరిగి, గుమ్మమునకు వ్రేలాడు బోర్డును చూచి తలుపు తట్టెడివారు. లోపలి యిల్లాలు తలుపు తీసి, వచ్చినవారెవరో కనుగొని, చెదరిన వస్తువులను నాలుగింటిని సర్దుకొని, పిమ్మట వారిని లోనికి రానిచ్చెడిది. ఆ బోర్డులు నేటికిని కనబడుచునే యున్నవి. కాని పట్టణములలో ఇంటి వెదకులాట ఇప్పుడు చాలవరకు అంతర్జాలముననే మొదలగుచున్నది. ఇంటికంటె ముందుగా ఇంటి ఛాయాచిత్రములు మన చేతిలోని ఫోనునకు వచ్చుచున్నవి. ఎండలో తిరుగు శ్రమ తగ్గినది. పసిపిల్లలుగల తల్లులకు ఇది గొప్ప మేలు. అయినను ఆ చిత్రములను తీయు తీరును గూర్చి మనము కొంత యోచింపవలసి యున్నది.

మేము హైదరాబాదు నగరమున అద్దెయింటికొఱకు కొన్ని వారములపాటు ఇట్టి ప్రకటనలను చూచితిమి. ఒక చిత్రమున మంచముపై మడవని దుప్పట్లు. ఇంకొకదాన సింకునిండ అంట్లగిన్నెలు. వేరొకచోట తలుపువెనుక కొక్కెములకు ఇంటి ఆడువారి బట్టలు, అలమరపై వరుసగా మందుసీసాలు, గోడమీద పిల్లవాని పేరును బడి పేరును స్పష్టముగా తెలియుచున్న ప్రశంసాపత్రము. ఒక యింటికి స్నానపుగది చిత్రములే మూడు కలవు. వంటయింటి చిత్రము ఒక్కటియు లేదు. అద్దములో చిత్రము తీయువాని రూపము మాత్రము చక్కగా పడినది. మఱికొన్నిటిలో గది యంతయు చీకటి. కిటికీ యొక్కటి తెల్లగా మెఱయుచుండెను.

"ఇంటిని చూచి ఇల్లాలిని చూడు" మని మనలో సామెత కలదు. ఇట్టి చిత్రమును చూచినవారు, "ఆ యిల్లాలికి శుభ్రత తెలియదు కాబోలు" నని సులభముగా ననివేయుదురు. ఇది న్యాయము కాదని మా యభిప్రాయము. ఏలయన, ఆ చిత్రమును తీసినది ఆ యిల్లాలు కాదు. తీయుమని చెప్పినదియు ఆమె కాదు. యజమాని వేరొకచోట నుండును. ఇంటిలో కాపురమున్నది నెలాఖరునకు ఖాళీచేయబోవు కుటుంబము. సామానులు సగము మూటలు కట్టియుండును. పిల్లలను బడికి పంపు తొందరలో నుండగా మధ్యవర్తి వచ్చి, "ఒక్క ఐదు నిమిషములమ్మా" యనుచు గదిగదికిని పోయి ఫోనుతో చిత్రములు తీసికొని పోవును. వలదనుటకు ఆమెకు నోరు రాదు. తాము కట్టిన అడ్వాన్సు సొమ్ము ఇంకను యజమాని చేతిలోనే యున్నది గదా! కాపురమామెది, చిత్రము పరులది, నింద మాత్రము మరల ఆమెదే.

ఇది సిగ్గుతో పోవు విషయము గూడ కాదు. ఆ కుటుంబము ఖాళీచేసి పోయిన తరువాతను చిత్రములు అంతర్జాలమున నిలిచి యుండవచ్చును. పిల్లలు చదువు బడి యేదో, ఇంటిలో రోగులున్నారో లేదో, బీరువా యే గదిలో నున్నదో పరులకు తెలియుట క్షేమము కాదు. యజమానికిని నష్టమే. మంచి గాలివెలుతురుగల యిల్లు చీకటి చిత్రము మూలమున నెలలతరబడి ఖాళీగా పడియుండును.

దీనికి విరుద్ధమైన దోషమును కలదు. ఫోనులో 0.5 అను గుర్తు నొక్కి తీసినచో చిన్నగది పెద్ద హాలువలె అగపడును. అట్టి చిత్రమును నమ్మి దూరమునుండి వచ్చినవారు నిరాశతో మరలిపోవుదురు. క్రొత్తగా కట్టి అమ్ము యిండ్ల విషయమున, 2016 సంవత్సరపు స్థిరాస్తి చట్టములోని 12వ సెక్షను ప్రకారము, ప్రకటనలోని అబద్ధమును నమ్మి సొమ్ము చెల్లించి నష్టపడినవారికి నిర్మాణదారుడు పరిహార మియ్యవలెను. అద్దెయిండ్ల ప్రకటనలకు ఆ రక్షణ లేదు. కావున ఇచ్చట సత్యము మన మర్యాదపైననే ఆధారపడి యున్నది.

చేయవలసినది కష్టమైన పని కాదు. చిత్రములు తీయుటకు ఒకదినము ముందుగా కాపురమున్నవారితో చెప్పి, వారి సమ్మతిని, వారికి వీలగు వేళను అడుగవలెను. దేవుని పటములు, పిల్లల చిత్రములు, మందులు, కాగితములు చిత్రములో పడకుండ చూడవలెను. ఫోను అద్దమును మెత్తని గుడ్డతో తుడిచి, పగటివేళ దీపములన్నియు వెలిగించి, కిటికీకి వీపుపెట్టి నిలిచి, ఫోనును రొమ్మెత్తున నిటారుగా పట్టుకొని తీసినచో గది ఉన్నది ఉన్నట్లు కనబడును. కిటికీకి ఎదురుగా నిలిచి తీయుటచేతనే గది చీకటిగా పడుచున్నది.

వంటయింటిని తప్పక చూపవలెను. ఇల్లు వెదకు స్త్రీ మొదట చూచునది హాలులోని సోఫాను కాదు. పొయ్యిగట్టు ఎంత పొడవు, సింకు ఎచ్చట, పొగ పోవుటకు దారి కలదా, పప్పుడబ్బాలకు అరలు చాలునా, బట్టలారవేయుటకు చోటున్నదా యని ఆమె చూచును. నీరు మంజీరదో బోరుదో వ్రాయుట చిత్రముతో సమానముగా అవసరము. గోడకు చెమ్మ యున్నచో దానిని దాచుటకంటె, సున్నము వేయింతుమని వ్రాయుట మేలు; అట్లే వేయించుట మఱింత మేలు.

మనలో ననేకులు యజమానురాండ్రుగను, ననేకులు అద్దెకుండువారుగను ఉన్నాము. నేడు యజమానురాలైన యామె కుమార్తెయే రేపు వేరొక ఊర అద్దెయింట కాపురము పెట్టవచ్చును. కావున మన యిల్లు అద్దెకిచ్చునపుడు, మధ్యవర్తిని పంపుటకు ముందు, లోపలనున్న యిల్లాలికి మనమే ఫోనుచేసి, "అమ్మా, రేపు ఏ వేళకు వచ్చిన మీకు వీలగును?" అని అడుగుదము. ఆ ఒక్కదినపు గడువునకు మనకగు వ్యయ మేమియు లేదు.