చెరుకు వేస్తారా?

2014 ఆగస్టు 19, సమగ్ర కుటుంబ సర్వే. తెలంగాణ అంతా ఆ ఒక్కరోజు ఇంటిపట్టునే ఉంది. నిజామాబాద్‌లో ఉండే నేనూ బోధన్ దగ్గరి మా ఊరికి పోయాను. అప్పుడు మా పొలంలో చెరుకు. మరుసటి ఏడు డిసెంబర్‌లో శక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్స్ మూతపడింది. 2024 నవంబర్‌లో ఇంటింటి సర్వే వచ్చేసరికి అదే పొలంలో వరి. భూమి ఎన్ని ఎకరాలంటే రెండుసార్లూ ఒకటే జవాబు!

ఫ్యాక్టరీ తెరవాలంటే కావలసిన లెక్క వేరు. చెరుకు చేతికి రావడానికి దాదాపు ఏడాది. నరికాక ఆలస్యమైతే బరువూ తగ్గుతుంది, చక్కెరా తగ్గుతుంది. అందుకే ఎంత చెరుకు వస్తుందో తెలియనిదే మిల్లు నడవదు. మిల్లు నడుస్తుందన్న నమ్మకం లేనిదే రైతు వేయడు.

"చెరుకు ఏస్తవా అని అడిగితే ఏం చెప్తవు బాపూ?" అన్నాను.

"ఏస్తా. పైసలు ఎన్ని దినాలకిస్తరు? కొట్టే కూలోళ్లను ఎవరు తెస్తరు? ముందు గది చెప్పమను."

ఫారంలో అవును, కాదు అని రెండు గళ్లే ఉంటే ఈ జవాబు ఎక్కడ రాస్తారు? నన్నడిగితే అసలు డేటా ఆ షరతులే. ఏ ఊళ్లో ఎన్ని ఎకరాలు, ఏ షరతు మీద అని రాసుకుంటే మిల్లుకు పనికొస్తుంది.

బాపు అనుమానం ఇంకోటి. "రాస్కపోయినోళ్లు లెక్క ఎంతచ్చిందో మళ్లచ్చి చెప్తరా?"