ఇటలీ కన్నా ముందు గుండాల

‘‘అక్కడ చీరతో దిగనిస్తారా?’’

ఇటలీ ప్రయాణం అనగానే ఆ ఇల్లాలు అడిగిన మొదటి ప్రశ్న అది. ఖమ్మంలో ఆ దంపతులిద్దరూ టీచర్లుగా చేసి రిటైరయ్యారు. కూతురికి మిలాన్‌లో ఉద్యోగం. ‘‘ఈ వేసవికి ఇద్దరూ రండి. అమ్మ మోకాళ్లకి వేడినీటి బుగ్గల్లో స్నానం చేయిద్దాం’’ అని సంక్రాంతి నాడు ఫోన్ చేసింది. అంతే... ఆయన ఓ డైరీ తీసి ప్లాను రాయడం మొదలుపెట్టారు.

ముందు రోమ్. అక్కణ్నుంచి టస్కనీలోని సాటుర్నియా. గంధకం కలిసిన నీళ్లు మెట్లు మెట్లుగా జారుతుంటాయి. వేడి దాదాపు 37 డిగ్రీలు. టికెట్టు లేదు! తరవాత బాన్యో వినియోని. ఆ ఊరి నడిబొడ్డున రచ్చబండకి బదులు వేడినీటి కోనేరే ఉంటుంది. అందులో స్నానానికి దిగనివ్వరు, చూడటమే. ఆఖరున నేపుల్స్ దగ్గరి ఇస్కియా దీవి. అక్కడ నీళ్లు కాచేది అగ్నిపర్వతం. డబ్బు కట్టి వెళ్లే కొలనుల్లో ఈతదుస్తులు వేసుకోవాల్సిందే. చాలాచోట్ల తలకి టోపీ కూడా.

‘‘జులై, ఆగస్టుల్లో వద్దు నాన్నా, ఇక్కడా ఎండలే’’ అంది కూతురు. జూన్ మొదట్లో అయితే పొద్దున్నే దిగొచ్చు. వీసాకి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయొచ్చు. కనీసం 30 వేల యూరోల వైద్య బీమా ఉండాలి. బీపీ ఉంది కాబట్టి ముందు డాక్టర్ని అడగాలి. అన్నీ డైరీకెక్కాయి.

మంచమ్మీద నుంచి అంతా వింటున్న ఆమె తల్లి అప్పుడడిగింది... ‘‘మరి నన్ను గుండాల ఎప్పుడు తీసుకెళ్తావే?’’

ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు.

గుండాల ఎంతో దూరం కాదు. భద్రాచలం దాటితే అయిదు కిలోమీటర్లు. గోదావరి ఒడ్డున ఇసుక తవ్వితే వేడినీళ్లు ఊరతాయి. త్రిమూర్తులు చలికాలంలో అక్కడ స్నానం చేశారని నమ్మకం. ఇక్కడ అగ్నిపర్వతం లేదు. వాననీరు రాతి పగుళ్లలోంచి లోతుకి ఇంకి, భూమి లోపలి వేడికి కాగి పైకొస్తుంది. ఆ వేడి విలువ ఇటలీకి ముందే తెలిసింది. లార్డెరెల్లోలో 1904లోనే భూమి ఆవిరితో అయిదు బల్బులు వెలిగించారు. మన మణుగూరు దగ్గర పగిడేరులో సింగరేణి 20 కిలోవాట్ల ప్రయోగం చేపట్టింది.

ఉద్యోగం వచ్చిన కొత్తలో అమ్మకిచ్చిన మాట అది. ఓ వేసవి పేపర్లు దిద్దడంతో సరిపోయింది. ఓ వేసవి పిల్ల ఎంట్రెన్సు. పెద్దావిడ ఎనభై దాటింది. ఈలోగా 2014లో గుండాల ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది. ‘‘మీరు తీసుకెళ్లేలోపు ఊరి రాష్ట్రమే మారిపోయింది’’ అని పెద్దావిడే నవ్వేసింది.

కూతురు మాత్రం నవ్వలేకపోయింది. మిలాన్ దాకా వెళ్లడానికి దారి దొరికింది గానీ 120 కిలోమీటర్లకి దొరకలేదు!

మర్నాడు ఆయన డైరీలో ఖాళీగా ఉన్న మొదటి పేజీ తెరిచారు. ‘ఖమ్మం, కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలం, గుండాల. ఫిబ్రవరి. కారు, ప్లాస్టిక్ కుర్చీ, పార, రెండు బకెట్లు’ అని రాసి, పైకి చదివారు.

‘‘బకెట్లు ఎందుకు బాబూ?’’ అంది పెద్దావిడ. ‘‘నేను దిగుతాను. చీరతోనే.’’