చివరి చేయి

కొండపల్లి బొమ్మను చేతిలోకి తీసుకున్నవారి దృష్టి ముందుగా దాని రంగు మీద పడుతుంది. కొయ్యను చెక్కినవారు, అతికినవారు ఆ రంగు వెనుక మరుగున ఉండిపోతారు. అందరి శ్రమకూ రంగు వేసేవారి చేయి చివరిది. అందుకే ఆ పని కనిపించినంత సులభం కాదు.

విజయవాడ సమీపంలోని కొండపల్లిలో బొమ్మలను తెల్లపొణికి కొయ్యతో చేస్తారు. తేలికైన ఆ మెత్తని కొయ్యను తేమ పోయేటట్లు నెమ్మదిగా వేడిచేసి ఆరబెడతారు. తల, కాళ్ళు, చేతులు వేర్వేరుగా చెక్కి, చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. ఆకురాయితో నునుపు చేసి సున్నం పూత పూస్తారు. ఆ తరువాతే రంగుల వంతు వస్తుంది. చుట్టుపక్కల అడవులలో తెల్లపొణికి చెట్లు తగ్గిపోయినందున, పాడైన ప్రతి బొమ్మా పూడ్చలేని నష్టమే.

కొత్తగా కుంచె పట్టినవారికి తొందర సహజం. ఒక్క పూతతోనే నిండుదనం రావాలని చిక్కని రంగు పూస్తారు. దానితో తలపాగా మడతలు, వేళ్ళ నడుమ సందులు పూడిపోతాయి. చెక్కినవారి పనితనం రంగు కింద కనుమరుగవుతుంది. పలుచని పూత పూసి, అది పూర్తిగా ఆరిన తరువాతే మరొక పూత పూయడం ఈ విద్యలో మొదటి పాఠం. ఆరని పూతపై కుంచె ఆడిస్తే కింది రంగు లేచి వస్తుంది.

రెండవ పాఠం వరుస. అంబారీ ఏనుగుకు ముందు ఒంటి రంగు, తరువాత అంబారీ, ఆపైన నగలు, చిట్టచివర కన్నులు. కనురేఖ వెంట్రుకవాసి పక్కకు జరిగితే దశావతారాల బొమ్మలో దేవుని చూపు మెల్లచూపవుతుంది. కాబట్టి ముంజేతిని కదలకుండా ఆనించి, పనికిరాని కొయ్యముక్కల మీద అదే గీతను పదేపదే గీసి చేతిని సాధించుకోవాలి.

ఈ సాధనలో ఒక కష్టమైన దశ ఉన్నది. చేయి కుదురుకోక ముందే కన్ను పదునెక్కుతుంది. నిన్న ముచ్చటగా తోచిన బొమ్మలో నేడు అన్నీ లోపాలే కనిపిస్తాయి. తమకు ఈ విద్య రాదని తలచి పలువురు అక్కడే కుంచె దించుతారు. నిజానికి అది ఎదుగుదలకు గుర్తు. లోపాన్ని కన్ను ముందు పసిగడుతుంది. చేయి తరువాత దిద్దుకుంటుంది. తొలి బొమ్మను దాచి ఉంచి, పదవ బొమ్మ పక్కన నిలిపి చూసుకున్నవారికి ఈ సంగతి బోధపడుతుంది.

సంక్రాంతి బొమ్మల కొలువులో ఆ బొమ్మకు రంగు వేసినదెవరని ఎవరూ అడగరు. ఏనుగు మీది మావటి కన్నులు మాత్రం సూటిగా చూస్తుంటాయి. మడతలన్నీ చెక్కినవి చెక్కినట్లే ఉంటాయి. తనకు ముందు పనిచేసిన చేతులను చెరపకుండా నిలిపినప్పుడే చివరి చేయి పనితనం నేర్చినట్లు.